సంకల్పంలో ఒక ఆంగ్లేయుడు: గోదావరికి దారి చూపిన కాటన్ దొర కథ

శ్వేతవరాహ కల్పం గురించి మనం చేసిన వీడియో చూసినవాళ్ళకి ఈ పోస్ట్ దానికి కొనసాగింపు. చూడనివాళ్ళు కూడా ఇది నేరుగా చదువుకోవచ్చు, ఇబ్బందేం లేదు.

ఆ వీడియోలో ఒక మాట చెప్పి ముందుకి వెళ్ళిపోయాను. గోదావరి తీరంలో స్నాన సంకల్పం చెప్పే పండితుల్లో కొందరు, నదిని తలుచుకున్నాక ఒక ఆంగ్లేయుణ్ణి కూడా సంస్కృత శ్లోకంలో స్మరిస్తారని. ఆయనే సర్ ఆర్థర్ కాటన్. ఇది విని చాలామంది ఆశ్చర్యపోయారు. కొంతమందికి కోపం కూడా వచ్చింది. మన సంకల్పంలో తెల్లదొర పేరేంటి, అందులోనూ క్రైస్తవుడి పేరేంటి అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రెండు ముక్కల్లో తేల్చేది కాదు. అందుకే ఆయన జీవితం మొత్తం ఇక్కడ రాస్తున్నాను. చదివాక ఆయనకి దణ్ణం పెట్టాలా వద్దా అనేది మీరే నిర్ణయించుకోండి.

ముందు నీళ్ళే ఉన్నాయి

కథలోకి వెళ్ళేముందు సృష్టి గురించి ఒక చిన్న మాట. ఇది పట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మన పురాణాల్లో సృష్టి ఎలా మొదలవుతుంది? అంతా నీళ్ళే. ప్రళయజలం. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం కూడా చీకటిలో కప్పబడిన, గుర్తుపట్టలేని జలం గురించే చెబుతుంది. ఆ నీళ్ళలో మునిగిన భూమిని వరాహస్వామి పైకెత్తి నిలబెట్టాడు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. స్వామి నీటిని నాశనం చెయ్యలేదు. నీటికి దాని చోటు చూపించాడు, భూమికి దాని చోటు చూపించాడు. సృష్టి అంటే అదే, దేని చోటు దానికి చూపించడం. ఈ అమరికనే వేదం ఋతం అంది. ఋతువు అనే మాట కూడా అక్కడిదే. తర్వాతి కాలంలో మనం వాడే ధర్మం అనే మాటకి మూలార్థం కూడా ధరించేది, పట్టి నిలిపేది అని.

ఇప్పుడు క్రైస్తవుల గ్రంథం తెరిస్తే, మొదటి పేజీలోనే దాదాపు ఇలాంటి దృశ్యం కనిపిస్తుంది. ఆకారం లేని భూమి, చీకటి, లోతైన నీళ్ళు, ఆ నీళ్ళ మీద కదులుతున్న దైవశక్తి. తర్వాత దేవుడు చేసే పని వేరుచెయ్యడం. వెలుగుని చీకటి నుంచి, పైనీటిని కిందినీటి నుంచి, సముద్రాన్ని ఆరిన నేల నుంచి. నేల తేలిన తర్వాతే గింజనిచ్చే మొక్క. కేథలిక్కులు ఈస్టర్ ముందు రాత్రి చేసే జాగరణ ప్రార్థనలో వరుసగా చదివే పఠనాల్లో మొదటిది ఈ సృష్టి కథే. అదే రాత్రి నీటిని ఆశీర్వదిస్తారు కూడా. వాళ్ళ ఆలోచనలో దేవుడు చేసినదానికి ఒక క్రమం ఉంది, ఆ క్రమాన్ని కాపాడే పనిలో మనిషికీ భాగం ఉంది.

రెండు సంప్రదాయాలూ ఒకటేనని నేను అనడం లేదు. దేవుడికీ సృష్టికీ ఉన్న సంబంధాన్ని మనం చూసే తీరు వేరు, వాళ్ళు చూసే తీరు వేరు. కానీ అదుపులేని నీరు, నీటికి హద్దు, ఆ హద్దు వెనక అన్నం అనే వరుస ఇద్దరికీ తెలుసు. కాటన్ ఆ పుస్తకం చదువుతూ పెరిగారు. ఆయన కేథలిక్ కాదు, ఇంగ్లండ్‌లోని ప్రొటెస్టెంట్ సంప్రదాయంవారు. ఆ పుస్తకాన్ని మాత్రం జీవితాంతం గట్టిగా నమ్మారు.

గోదావరి ఉండీ ఎండిన నేల

ఇప్పుడు కోనసీమ ఫోటోలు చూసి మనం భూలోక స్వర్గం అంటాం కదా. కొబ్బరి, అరటి, ఎటు చూసినా పచ్చటి వరి. సుమారు 200 ఏళ్ళ కిందట ఇలా లేదు.

గోదావరి అప్పుడూ ఉంది. వానాకాలంలో ఊళ్ళను ముంచేది, ఆ తర్వాత నీరంతా సముద్రంలోకి పోయేది. ఎండాకాలం వచ్చేసరికి ఇసుక తిన్నెలు మిగిలేవి. ఏటిగట్టు పక్కనే ఉన్న రైతు కూడా వానకోసం ఆకాశం వైపు చూడాల్సిందే. 1832, 33 ప్రాంతంలో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. గుంటూరు సీమలో 5 లక్షల జనంలో సుమారు 2 లక్షల మంది పోయారని లెక్క. గోదావరి సీమ కూడా ఆ దెబ్బ తింది. కరువు నుంచి తేరుకునేలోపే, 1839 నవంబరులో కోరంగి దగ్గర ఉప్పెన విరుచుకుపడింది.

అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841కి అది సుమారు 5 లక్షల 61 వేలకి పడిపోయింది. 20 ఏళ్ళలో పెరగాల్సిన జనం దాదాపు నాలుగోవంతు తగ్గిపోయారు. కొందరు చనిపోయారు, కొందరు వలస పోయారు. పన్నుల విషయంలో కంపెనీ ప్రభుత్వం చూపించిన కాఠిన్యం కూడా ఇందులో ఉంది. ఆ మాట దాచకూడదు.

ఒక్కసారి ఆలోచించండి. దక్షిణగంగ అని మనం కొలిచే తల్లి ఒడ్డున, ఆ తల్లి బిడ్డలు తిండిలేక చచ్చిపోయారు. తల్లి దగ్గర పాలు లేక కాదు. ఆ పాలు బిడ్డ నోటిదాకా చేరే దారి లేక.

ఇంగ్లండ్ కుర్రాడు, చోళుల పాఠం

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండ్‌లో పుట్టారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పదకొండు మంది కొడుకుల్లో ఈయన పదోవారు. 15 ఏళ్ళకే ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కంబ్ సైనిక పాఠశాలలో చేరారు. 1821లో మద్రాసు వచ్చేసరికి వయసు 18. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే ఇంజనీరింగ్ ఫస్టియర్ కుర్రాడు.

వచ్చిన కొత్తలో చెరువుల శాఖలో పని. తర్వాత పాంబన్ జలసంధి సర్వే, ఆ తర్వాత బర్మా యుద్ధం. యవ్వనంలోనే ఆయన మనసు భక్తివైపు గట్టిగా మళ్ళింది. ఆయన భక్తి వీటి నుంచి విడిగా, ఆదివారానికి మాత్రమే పరిమితమైనది కాదు. దేవుడు వాన ఇచ్చాడు, నది ఇచ్చాడు, మెత్తటి నేల ఇచ్చాడు. ఇన్ని ఇచ్చినచోట జనం ఆకలితో చస్తుంటే అది దైవం తప్పు కాదు, ఇచ్చినదాన్ని వాడుకోని మనుషుల తప్పు. ఆయన జీవితాంతం చేసిన వాదన సారాంశం ఇదే.

అసలైన చదువు ఆయనకి కావేరి దగ్గర దొరికింది. తంజావూరు డెల్టాలో కావేరి నీరు క్రమంగా తగ్గిపోతోంది, పక్కనున్న కొల్లిడం పాయ పల్లంగా ఉండడంతో నీరంతా అటే పోతోంది. ఆ నదిమీద అప్పటికే ఒక అద్భుతం ఉంది, కల్లణై. కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే పురాతన ఆనకట్ట. మన ఆనకట్ట అనే మాటకి తమిళంలో తోబుట్టువు అణైకట్టు. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటనే తీసుకుని అనికట్ అన్నారు. పేరు కూడా మన దగ్గరే అప్పు తీసుకున్నారన్నమాట.

కాటన్‌ని ఆశ్చర్యపరిచింది దాని పునాది. కింద రాతినేల లేదు, ఎంత తవ్వినా ఇసుకే. ఆ వదులు ఇసుక మీద ఇంత బరువు ఇన్ని వందల ఏళ్ళు ఎలా నిలబడింది? ఇసుకలో పునాది నిలిపే పద్ధతిని తాము ఆ పాత నిర్మాతల దగ్గరే నేర్చుకున్నామని తర్వాతి కాలంలో ఆయన బాహాటంగా ఒప్పుకున్నారు. పాలించే జాతి మనిషి, పాలితుల తాతముత్తాతలకి గురుస్థానం ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ పాఠంతోనే 1836, 38 మధ్య కొల్లిడం మీద ఎగువ ఆనకట్ట పని నడిచింది. తంజావూరు మళ్ళీ పచ్చబడింది.

ధవళేశ్వరం

తర్వాత కాటన్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. జ్వరాలు ఆయన్ని జీవితాంతం వెంటాడాయి. కోలుకోవడానికి ఆస్ట్రేలియా వైపు వెళ్ళినప్పుడు, 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌తో పెళ్ళయింది. తిరిగొచ్చాక విశాఖపట్నంలో సముద్రపు కోతని ఆపే పనులు చూశారు. అక్కడి నుంచి గోదావరి సీమకి వచ్చారు.

1844లో సర్ హెన్రీ మాంట్‌గొమెరీ అనే అధికారి రాజమండ్రి జిల్లా దుస్థితి మీద ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. కాటన్ నదిని పరిశీలించి ఆనకట్ట ప్రతిపాదన రాశారు. వరద రోజుల్లో గోదావరిలో ఒక్కరోజు పారే నీరు, లండన్‌లోని థేమ్స్ నదిలో ఏడాదంతా పారే నీటికి సమానమని ఆయన లెక్క చెప్పారని అంటారు. అంత సంపద రోజూ సముద్రంలో కలుస్తుంటే ఊరుకోవడం ఎలా అన్నదే ఆయన బాధ. 1846 చివరికి లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు ఒప్పుకున్నారు. 1847లో పని మొదలైంది.

చోటు ధవళేశ్వరం. రాజమండ్రికి కొంచెం దిగువన, నది పాయలుగా చీలే చోటికి ఎగువన. నవ జనార్దన క్షేత్రాల్లో ఒకటైన జనార్దనస్వామి కొండ మీద కొలువున్న ఊరు. ఇక్కడ నది చాలా వెడల్పు, మధ్యలో లంకలు. ఆ లంకలే కాటన్‌కి సాయం చేశాయి. ఆనకట్టని నాలుగు ముక్కలుగా కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ర్యాలి అనగానే మీలో చాలామందికి జగన్మోహినీ కేశవస్వామి గుర్తొస్తారు. స్వామి పాదాల దగ్గర ఎప్పుడూ నీరు ఊరే గుడి ఉన్న ఊరే అది.

అన్నీ కలిపి రాతికట్టడం పొడవు దాదాపు 12 వేల అడుగులు. ఎత్తు మాత్రం 12 అడుగులే. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆయన నదిని ఆపాలనుకోలేదు. గోదావరిని ఎవరు ఆపగలరు? వరద వస్తే గోడ మీంచి దూకి పోనిచ్చారు. నీరు తగ్గినప్పుడు మాత్రం ఆ 12 అడుగుల గోడ మట్టం పెంచి, రెండు వైపులా తూముల్లోంచి కాలువల్లోకి మళ్ళిస్తుంది.

డెల్టాలో నేల తీరు కూడా దీనికి సరిగ్గా కుదిరింది. మామూలుగా నది పల్లంలో ఉంటుంది, పొలాలు ఎత్తులో ఉంటాయి అనుకుంటాం. డెల్టాలో అలా కాదు. నది వేల ఏళ్ళుగా మోసుకొచ్చిన ఒండ్రుని ఒడ్డునే ఎక్కువగా పోసి, తన ఒడ్డుని తనే ఎత్తు చేసుకుంటుంది. ఒడ్డు నుంచి దూరం వెళ్ళేకొద్దీ నేల పల్లం. కాబట్టి ఆ ఎత్తైన మిట్టల వెంట కాలువ తీస్తే, నీరు తనంతట తానే రెండువైపులా పొలాల్లోకి దిగుతుంది. తోడక్కర్లేదు, ఎత్తిపోయక్కర్లేదు. సృష్టిలో ఈ ఏర్పాటు ముందే ఉంది. కాటన్ దాన్ని చదివారు, అంతే.

ఇది చదువుతుంటే నాకు రెండు పురాణ కథలు గుర్తొస్తాయి. ఒకటి మీ అందరికీ తెలిసిందే. ఆకాశం నుంచి దూకే గంగని భూమి తట్టుకోలేదని శివుడు జటాజూటంలో పట్టి, సన్నటి ధారగా వదిలాడు. భగీరథుడు ముందు నడిచి దారి చూపించాడు. రెండోది గోదావరి కథే. గౌతమ మహర్షి కరువులో ధాన్యం పండించి మునులందరికీ అన్నం పెట్టినవాడు. త్ర్యంబకంలో ఆయన తపస్సుకి దిగివచ్చిన నది నిలవకుండా మాయమైపోతుంటే, దర్భలు చుట్టూ అడ్డువేసి నిలిపాడట. అదే ఇవాళ్టి కుశావర్త తీర్థం. అంటే గోదావరి మీద మొదటి ఆనకట్ట దర్భలతో కట్టింది, కట్టినవాడు గౌతముడు. అందుకే మన పండితులకి కాటన్‌లో కొత్తవాడు కనపడలేదు. పాతకథలోని మనిషే కొత్త వేషంలో కనిపించాడు.

రాయి మోసిన చేతులు

కాటన్ ఒక్కడే కట్టాడు అన్నట్టు చెప్పడం మన వీడియోల్లోనూ జరుగుతుంది. అది సరికాదు. వేల మంది కూలీలు పనిచేశారు. ధవళేశ్వరం కొండల్లో రాయి కొట్టినవాళ్ళు, సున్నం కాల్చినవాళ్ళు, ఇసుకలో నూతులు దించి పునాది వేసినవాళ్ళు, కాలువ తవ్వినవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ శ్లోకంలోనూ లేవు.

ఒక పేరు మాత్రం నిలిచింది. వీణెం వీరన్న. కాటన్ దగ్గర పనిచేసిన తెలుగు బ్రాహ్మణ ఉద్యోగి. కూలీలను సమకూర్చడం, వాళ్ళకి పని చెప్పడం, దొరకి ఊరి భాషలో ఊరి మనసు చెప్పడం ఆయన వంతు. ఆయన సాయం లేకపోతే ఈ పని అయ్యేది కాదన్న గౌరవం కాటన్‌కి ఉండేది. గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ కాటన్ పేరు పక్కన వీరన్న పేరు చెబుతారు.

పని మధ్యలో, 1848లో, కాటన్ ఆరోగ్యం మళ్ళీ పాడైంది. బాధ్యత కెప్టెన్ ఆర్‌కి అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళాల్సి వచ్చింది. 1850లో తిరిగొచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. వెంటనే కాలువలు పాకాయి. కోనసీమలోని నగరం లంకకి నీళ్ళివ్వాలంటే మధ్యలో వైనతేయ పాయ అడ్డం. దాని మీదుగా గన్నవరం దగ్గర 49 కమానులతో ఒక అక్విడక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. లెఫ్టినెంట్ హేగ్ అనే యువ ఇంజనీర్ ఆ పని చాలా తక్కువ నెలల్లో ముగించారు. గరుత్మంతుడి పేరున్న పాయ మీద నీరు నిజంగానే గాలిలో ప్రయాణం చేసిందన్నమాట. ఆ వెంటనే బెజవాడలో కృష్ణ మీద ఆనకట్టకి కూడా కాటన్ ఆలోచన, కెప్టెన్ ఆర్ పనితనం తోడయ్యాయి. 1855కి అదీ పూర్తయింది.

కాలువలు నీటికోసమే కాదు, దారులు కూడా అయ్యాయి. లాకులు కట్టి పడవలు నడిపారు. మన తాతల కాలంలో కాకినాడ, రాజమండ్రి, ఏలూరు, బెజవాడల మధ్య సరుకులు పడవల మీదే వెళ్ళేవి. డెల్టా ఊళ్ళలో లాకులు అనే మాట ఇప్పటికీ ఒక అడ్రసే.

ఓడిపోయిన వాదనలు

కాటన్ 1860లో ఉద్యోగం నుంచి విరమించారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటే పొరపాటు. మిగిలిన దాదాపు 40 ఏళ్ళు ఆయన వాదిస్తూనే ఉన్నారు. దేశమంతా నదుల్ని కాలువలతో కలపాలని, రైళ్ళమీద పోసే డబ్బు ముందు నీటిమీద పెట్టాలని, నీరుంటే కరువు ఉండదని ఆయన పట్టు. లండన్‌లో చాలామందికి ఆయన ఒక మొండి ముసలాయన. 1876 నుంచి 78 వరకు దక్షిణదేశాన్ని ధాతు కరువు తినేసింది. లక్షల మంది పోయారు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి ఆయన మళ్ళీ అదే చెప్పారు. ఆయనని గట్టిగానే నిలదీశారు. ఆయన అడిగినంత పెద్ద పథకానికి ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ కరువులో గోదావరి డెల్టా మాత్రం పండింది. ఆకలితో ఉన్న చుట్టుపక్కల సీమలకి ఇక్కడి గింజ వెళ్ళింది. నందన కరువులో చచ్చిన నేల, ధాతు కరువులో ఇంకొకరికి అన్నం పెట్టింది. ఆయన ఏ వాదనలో ఓడిపోయినా, ఈ ఒక్కదాంట్లో గెలిచారు.

చివరి రోజుల్లో ఇంగ్లండ్‌లోని డార్కింగ్‌లో ఉంటూ, నేలని లోతుగా దున్ని తక్కువ చోట ఎక్కువ గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. గింజ మీద ధ్యాస ఆయనని వదల్లేదు. 1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన కూతురు లేడీ హోప్ మరుసటి ఏడాది ఆయన జీవితచరిత్ర ప్రచురించారు.

మరి దణ్ణం పెట్టాలా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. నేను రెండు వైపులా చెబుతాను.

ఒకవైపు, ఆయన కంపెనీ ఉద్యోగి. ఆనకట్ట వల్ల రైతు బాగుపడ్డాడు, కంపెనీ ఖజానాకి శిస్తూ పెరిగింది. డైరెక్టర్లు డబ్బు మంజూరు చేసింది జాలితో మాత్రమే కాదు, లాభం లెక్క చూసుకునే. కాటన్‌కి క్రైస్తవ మిషనరీలంటే అభిమానం కూడా ఉండేది. సముద్రం నుంచి నదికి ఎదురీదే పులసకి కూడా ఆ గోడ దగ్గరే ప్రయాణం ఆగిపోతుంది. మనిషి పెట్టే ఏ క్రమమూ దేవుడు పెట్టిన క్రమమంత పూర్తిగా ఉండదు, దేనికో ఒకదానికి అడ్డు తగులుతుంది.

ఇంకోవైపు, డెల్టా ఊళ్ళకి వెళ్ళి చూడండి. గుర్రం మీద కాటన్ విగ్రహం కూడలిలో ఉంటుంది. మే 15న దండలు వేస్తారు. ఆ దండ వేసేవాళ్ళని ఎవరూ బలవంతపెట్టలేదు, అందులో రాజకీయం కూడా పెద్దగా లేదు. నేను మాట్లాడిన రైతుల్లో చాలామందికి ఆయన మతం ఒక విషయమే కాదు. సార్వాకి నీరొచ్చిందా, దాళ్వాకి నీరొచ్చిందా, అదే విషయం.

నా అభిప్రాయం మాత్రం సంకల్పంలోంచే వచ్చింది. సంకల్పం అంటే ఏంటి? ఏ పూజకైనా ముందు మనం మన చిరునామా చెప్పుకుంటాం. బ్రహ్మగారి ఆయుష్షులో ఇది ఎన్నో భాగం, ఏ కల్పం, ఏ మన్వంతరం, ఏ యుగం, ఏ ద్వీపం, ఏ వర్షం, ఏ నదికి ఏ వైపు. అంటే మొత్తం సృష్టి క్రమంలో నేను నిలబడ్డ చోటు ఇది అని దేవుడికి చెప్పుకోవడం. వరాహస్వామి పేరున్న కల్పంతో మొదలై, మన పాదాల కింద తడిసే మట్టిదాకా వస్తుంది. గోదావరి కాలువగట్టున నిలబడిన మనిషి తన చోటు నిజాయితీగా చెప్పుకోవాలంటే, ఆ కాలువ ఎలా వచ్చిందో దాటేయలేడు. ఏడాదిలో చాలాకాలం ఊళ్ళలోనే గోదావరి స్నానం దొరుకుతోందంటే దానికి ఒక మనిషి కారణం. ఆ కారణాన్ని దాచిపెట్టి చెప్పిన సంకల్పంలో ఏదో వెలితి ఉంటుందని ఆ శ్లోకం కట్టిన పండితుడికి అనిపించి ఉండాలి. ఆయనకి ఎవరి భయమూ లేదు. తన ధర్మం మీద నమ్మకం ఉంది కాబట్టే ఇంకొకరికి కృతజ్ఞత చెప్పగలిగాడు.

భగీరథుడు అనేది ఒక మనిషి పేరే కాదు, ఒక పని పేరు కూడా. ఆ పని చేసినవాడికి ఆ పేరు ఇవ్వడం మన సంప్రదాయాన్ని తగ్గించదు. అవతలివాడిని కొలవడానికి కూడా మన కొలబద్దే వాడామంటే, మన కథ ఎంత పెద్దదో చూడండి.

మన వంతు

కాటన్ కట్టిన పాత ఆనకట్ట స్థానంలో, స్వతంత్రం వచ్చాక మన ఇంజనీర్లు కొత్త బ్యారేజీ కట్టారు. 1982లో పూర్తయిన దానికి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ అనే పేరు పెట్టారు. 175 గేట్లు: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. దాని కింద సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గట్లు తెగి ఊళ్ళు మునిగాయి. నది తన బలం ఏంటో మళ్ళీ గుర్తు చేసింది.

క్రమం అనేది ఒకసారి కట్టేసి మర్చిపోయేది కాదు. ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేసి పూడిక తీస్తేనే శివారు భూమికి నీరందుతుంది. వేదం చెప్పిన ఋతం కూడా అంతే. రోజూ సంధ్యావందనం ఎందుకు చెయ్యాలి, నిన్న చేశాం కదా అంటే ఏం చెబుతాం? పూడిక రోజూ పడుతుంది, రోజూ తియ్యాలి.

మరి ఇవాళ ఆ కాలువల్లో ఏముంది? డెల్టాలో ఏ టౌన్ దగ్గరైనా కాలువ వంతెన మీద ఆగి కిందకి చూడండి. ప్లాస్టిక్ కవర్లు, గుర్రపుడెక్క, మురుగు. అందులో మనం పూజ చేసి వదిలిన సంచులు కూడా ఉంటాయి. గోదావరికి హారతి ఇచ్చే చేతితోనే కవరు విసిరితే, ఆ నది తిరిగి ప్రళయజలంలోకి వెళ్ళడానికి మనమే దారి వేస్తున్నట్టు. పరాయి దేశం నుంచి వచ్చినవాడు జ్వరాలతో పడుకుని లేస్తూ దారి తీశాడు. ఆ దారిని శుభ్రంగా ఉంచడానికి మనకి జ్వరం కూడా రానక్కర్లేదు.

2027లో గోదావరి పుష్కరాలు. మీలో చాలామంది హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో రాజమండ్రి వస్తారు. పుష్కర ఘాట్‌లో స్నానం చేశాక, ఒక గంట తీసుకుని ధవళేశ్వరం వెళ్ళండి. బ్యారేజీ చూడండి, అక్కడున్న కాటన్ మ్యూజియం చూడండి, కొండెక్కి జనార్దనస్వామిని దర్శించుకోండి. సంకల్పం చెప్పుకునేటప్పుడు పంతులుగారు ఆ శ్లోకం చెబితే విని, మీ మనసు ఒప్పుకుంటే దణ్ణం పెట్టుకోండి. ఆయనతోపాటు పేరు లేని ఆ వేల మంది కూలీలని కూడా తలుచుకోండి. వెళ్ళేటప్పుడు తెచ్చుకున్న కవరు మాత్రం మీతోనే వెనక్కి తీసుకెళ్ళండి.

వచ్చే వీడియోలో సప్త గోదావరుల గురించి, ఋషుల పేర్లున్న ఆ పాయలు ఎక్కడెక్కడ సముద్రంలో కలుస్తాయో చూద్దాం. అంతవరకు సెలవు.

గోదావరీ మాతకు నమస్కారం.